దొర కట్టిన ముడుపు

మా ఆయనకు తెలుగు నేర్పింది నేను కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే నా పరువు దక్కుతుంది. బుక్కరాయసముద్రం ఆటో స్టాండులో కొంత, టీ అంగడి బల్ల మీద కొంత, పాలు పోసే ఆమె దగ్గర మిగతాది నేర్చుకున్నాడు. డెబ్బై దాటిన తెల్లమనిషి, ఎండకు కమిలిన ముక్కు, లుంగీ మీద గళ్ళ చొక్కా. వీధిలో ఎవరు కనపడినా "ఏమప్పా, యాడికి పోతాండావు?" అని గొంతెత్తి అడుగుతాడు. కొత్తవాళ్ళయితే బండి ఆపి మరీ చూస్తారు.

ఆ ఏడు నవంబరులో ఒక సాయంత్రం ఆయన గేటు తోసుకుని వచ్చి, మెట్ల దగ్గర చెప్పులు విడుస్తూ, "అందరికీ చెప్పినా మే. ఆదివారం పొద్దున వస్తారంట," అన్నాడు.

"ఎవరు? యాడికి?" కంగారు పుడితే నా నోట్లో కూడా ఆ మాటలే వస్తాయి.

"మన వీధిలో ఆడోళ్ళంతా. పుడ్డింగు కలిపేకి."

నేను చేతిలో ఉన్న చేట కింద పెట్టేశాను. కందిపప్పు సగం నేల పాలైంది. "నిన్నెవరు పిలవమన్నారు?" అని అరిచాను. ఆయనకు నా కోపం అర్థం కాలేదు. అర్థమయ్యేట్టు ఇన్నేళ్ళలో నేను చెప్పిందీ లేదు.

ఆ పుడ్డింగు సంగతి ఇది. ఆయన పుట్టింది ఇంగ్లండులో, ఉత్తరాన సముద్రం ఒడ్డున చిన్న ఊరు. అక్కడ క్రిస్మస్‌కు నెల ముందు ఒక ఆదివారం ఎండుద్రాక్ష, ఖర్జూరం, నారింజ తొక్క, రొట్టెపొడి, బెల్లం లాంటి నల్ల చక్కెర, కొవ్వు అన్నీ పెద్ద గిన్నెలో వేసి కలుపుతారు. ఇంట్లో ఉన్నవాళ్ళందరూ, చంకలో బిడ్డతో సహా, ఒకరి తర్వాత ఒకరు గరిటె పట్టుకుని ఒక్క చుట్టు తిప్పుతారు. తిప్పేటప్పుడు మనసులో ఒక కోరిక కోరుకోవాలి. బయటికి చెప్పకూడదు. చెబితే తీరదు. తర్వాత దాన్ని గుడ్డలో కట్టి, గంటల తరబడి నీళ్ళలో ఉడికించి, క్రిస్మస్ దాకా కొక్కేనికి వేలాడదీస్తారు. వాళ్ళ అమ్మ పోయాక ఆయన ఎన్నడూ చేయలేదు. ఈ ఏడు చేద్దామన్నాడు, సరే అన్నాను. మా ఇద్దరి మధ్య జరిగే ముచ్చట అనుకున్నాను గానీ వీధిని పిలుస్తాడని కలలో కూడా అనుకోలేదు.

సరే అనడానికి నాకొక కారణం ఉంది. అదే ఇక్కడ మా చివరి క్రిస్మస్ కావాలి. దసరా వెళ్ళగానే నేనే తేల్చి చెప్పాను, పండగ కాగానే ఇల్లు అమ్మేసి వాళ్ళ ఊరికి వెళ్ళిపోదామని. ఆయన టీ గ్లాసులోకి చూస్తూ, "నీ ఇష్టం మే," అన్నాడు. నేను పుట్టిన నేల నాకు వద్దు, దాంతో ఏ సంబంధమూ లేని ఆయనకు కావాలి. ఈ విడ్డూరం ఇంకెక్కడైనా ఉంటుందా?

మాది రాప్తాడు అవతల ఒక పల్లె. పల్లె అంటే పల్లె కాదు, పల్లెకు దూరంగా విసిరేసినట్టుండే మా వాడ. అమ్మా నాయనా యేసును నమ్ముకున్నారు. దాంతో మాకు ప్రార్థన చేసుకునే పాక ఒకటి వచ్చింది గానీ ఊరి బావి రాలేదు. మా చేతి నీళ్ళు ఊళ్ళోవాళ్ళు తాగేవాళ్ళు కాదు, మా పొయ్యి మీద వండింది ముట్టేవాళ్ళు కాదు. నేను నర్సు చదువు చదివి ఎంత దూరం పోగలిగితే అంత దూరం, ఇంగ్లండు దాకా, పోయాను. ఆ దూరంలోనే ఈయన తగిలాడు, సిటీ బస్సు నడిపేవాడు. మాకు పిల్లలు కలగలేదు. ఇద్దరం ఉద్యోగాలు మానేశాక, చలికి మోకాళ్ళు పట్టేసి, ఒకసారి సెలవులకు వచ్చి చూసిన ఈ ఎర్రనేల మీద ఆయనకు మనసైంది. అంత ఆకాశం ఆయన పుట్టి ఎరగడట. నేను ఎరుగుదును. వాన కోసం దాన్ని చూసి చూసి మా నాయన కళ్ళు పోయాయి.

ఇప్పుడు అట్లాంటివి ఎక్కడున్నాయమ్మా అనేవాళ్ళు ఉంటారు. వాదించే ఓపిక నాకు లేదు. ఇక్కడికి వచ్చిన మొదటి క్రిస్మస్‌కు నా చేత్తో గులాబీ పువ్వుల పిండివంట చేసి, గిన్నెల్లో పెట్టి, వీధిలో ఇల్లిల్లూ తిరిగి ఇచ్చాను. అందరూ నవ్వుతూనే తీసుకున్నారు. మరునాడు పొద్దున గేటు ముందు ముగ్గు వేస్తూ తలెత్తితే, ఎదురింటి బర్రెల కుడితి తొట్టిలో నా గులాబీ పువ్వులు ఉబ్బి తేలుతున్నాయి. అంతే. మరుసటి ఏడు నుంచి అనంతపురంలో బేకరీకి చెప్పి సీలు వేసిన కేకు డబ్బాలు తెప్పించి పంచుతున్నాను. బేకరీ డబ్బాకు కులం లేదు కదా, అందరికీ బాగానే అరుగుతుంది. మా ఆయన మాత్రం నాకు బద్ధకం ఎక్కువైందనుకునేవాడు.

ఆ ఎదురింటి అవ్వది మా ఊరే. ఊళ్ళో పెద్ద రైతు ఇంటి కోడలు. మా అమ్మ వాళ్ళ చేలో శెనక్కాయలు పీకింది, వాళ్ళ కళ్ళంలో కాయలు కోసింది. ఇప్పుడు అవ్వ కొడుకు ఇక్కడ ఇల్లు కట్టుకుంటే అతని దగ్గర ఉంటోంది. మేము దిగిన రోజే ఆమె నన్ను పోల్చుకుంది. "ఫలానా దాని కూతురువు గదా," అంది, అంతే. ఆ తర్వాత వీధంతా మా ఆయన పుణ్యాన నన్ను "దొరసానమ్మ" అంటూనే ఉన్నారు, వెనక ఏమనుకోవాలో అది అనుకుంటూనే ఉన్నారు.

కాబట్టి ఆ ఆదివారం పొద్దున నేను ఎవరి కోసమూ ఎదురు చూడలేదు. ఎవరూ రాకపోతే ముసలాయన మొహం ఎట్లా పెట్టుకుంటాడో, ఏం చెప్పి ఊరడించాలో అని మాత్రం ఆలోచించుకున్నాను. ఆయన వసారాలో చాప పరిచి, మధ్యలో నేను బిర్యానీకి వాడే పెద్ద గుండిగ పెట్టుకుని, సామాన్లన్నీ వేసి కూర్చున్నాడు. కొవ్వు దొరక్క నెయ్యి పోశాడు. బాదం బదులు మన శెనగ్గింజలు దంచి వేశాడు.

ఎండ ఇంకా మెట్లెక్కలేదు. గేటు చప్పుడైంది. పాలామె ముందు, ఆమె వెనక ఆటో నడిపేవాళ్ళ ఆడవాళ్ళు, కుట్టుమిషను బీబమ్మ, ఎదురింటి కోడలి చెయ్యి పట్టుకుని అవ్వ. అందరూ తలకు పోసుకున్నారు. తడి జుట్టు కొసలు ముడేసుకుని, ఉతికిన చీరలు కట్టుకుని, ఒకరి చేతిలో పూలు, ఒకరి చేతిలో టెంకాయ. నేను వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను.

"పొద్దున్నుంచి నోట్లో ఏమీ యేసుకోలేదు దొరా," అంది పాలామె. "ఒక్కపొద్దు ఉండాము. నువ్వు చెప్పకపోయినా మాకు తెలీదా ఏమి?"

అప్పుడు తెలిసింది నాకు. ఈయన ఇల్లిల్లూ తిరిగి, గరిటె తిప్పాల, మనసులో కోరుకోవాల, ఎవరికీ చెప్పకూడదు అని చెప్పి వచ్చాడు. మా సీమ ఆడవాళ్ళకు ఇంకేం చెప్పాలి! పీర్ల పండగ వస్తే పీరుకు మొక్కుతారు, దర్గాలో చక్కెర చదివిస్తారు, కొండెక్కి గుళ్ళో పొర్లుదండాలు పెడతారు. మొక్కు తీరితే చాలు, దేవుడు ఏ వీధిలో ఉన్నా వీళ్ళకు దూరం కాదు. దొర ఇంట్లో కూడా ఒక మొక్కు ఉందని తెలిసింది, వచ్చారు.

"తూర్పు నుంచి తిప్పాల్నా, పడమర నుంచా?" పాలామె అడిగింది.

మా ఆయన నోరు తెరుచుకుని నా వైపు చూశాడు. వాళ్ళ అమ్మ కూడా ఇదే చెప్పేదట, తూర్పు నుంచి పడమరకు తిప్పమని, జ్ఞానులు తూర్పు నుంచి కదా వచ్చారని. "వీళ్ళకెట్ల తెలుసు మే?" అన్నాడు చిన్న గొంతుతో. నాకేం తెలుసు? తూర్పుకు తిరక్కుండా వీళ్ళు మజ్జిగ కూడా చిలకరు.

ఒక్కొక్కరే గుండిగ ముందు కూర్చున్నారు. టెంకాయ కొట్టి, గుండిగకు పసుపు కుంకుమ పెట్టారు, నేను వద్దనే లోపే. నోరు మూస్తే ఊపిరాడని ఆడవాళ్ళు ఒక్కమాట మాట్లాడలేదు. కళ్ళు మూసుకుని, గరిటె రెండు చేతులా పట్టుకుని, ఒక్క చుట్టు. ఆ మొహాలు నేను ఆస్పత్రిలో చూశాను, ఆపరేషను గది తలుపుల ముందు. ఇక్కడ మా వసారాలో, ఎండుద్రాక్షల గిన్నె ముందు చూస్తాననుకోలేదు. ఏం కావాలి తల్లీ మీకందరికీ అని అడగాలనిపించింది. అడగకూడదు కదా.

అవ్వ వంతు వచ్చింది. పిండి బాగా బిగిసిపోయింది. కోడలు సాయం పట్టబోతే చెయ్యి విదిలించింది. "రాగి సంగటి కెలికిన చెయ్యే ఇది. పక్కకు పో," అని తనే తిప్పింది. తిప్పి, గరిటె వదలకుండా చాలాసేపు అట్లాగే ఉంది. కంటి కొసన నీళ్ళు ముడతల్లోకి జారాయి. ఏమి కోరుకుందో ఈ రోజు వరకూ నాకు తెలియదు.

చివర నేను. నా కోరిక నాకు సిద్ధంగానే ఉంది. దేవా, నన్ను ఇక్కడి నుంచి తీసుకుపో అని తిప్పాను.

అయిపోయిందనుకుంటుంటే ఈయన జేబులోంచి వాళ్ళ అమ్మ నాటి చిన్న వెండి బిళ్ళ తీసి పిండిలో వేశాడు. అదీ వాళ్ళ ఆచారమే. పంచేటప్పుడు ఎవరి ముక్కలో వస్తే వాళ్ళకు ఏడంతా మంచి జరుగుతుందట. తర్వాత తెల్లగుడ్డ పరిచి, పిండి ముద్ద చేసి పెట్టి, నాలుగు చెంగులూ కూడదీసి దారంతో బిగించడం మొదలుపెట్టాడు.

అవ్వ ముందుకు వంగింది. "ఏం చేస్తాండావు దొరా?"

"గుడ్డలో కట్టి ఉడకబెట్టి, పండగ దాకా ఆ కొక్కేనికి యాలాడదీస్తామవ్వా."

"బిళ్ళ లోపలేసి, గుడ్డలో కట్టి, యాలాడదీస్తావా?" అవ్వ బుగ్గలు నొక్కుకుంది. "ఓరి నీ! ముడుపు గదప్పా ఇది! ఇంతసేపూ చెప్పవేమి? ముడుపు తెల్లగుడ్డలో కడతారా యాడన్నా?"

కోడలు పరుగున పోయి పసుపు తెచ్చింది. గుడ్డ విప్పించి, పసుపు నీళ్ళలో ముంచి తీసి, మళ్ళీ కట్టించారు. మా ఆయన ముడి వేస్తే అవ్వకు నచ్చలేదు, ఆమే వేసింది. అట్లా వాళ్ళ అమ్మ పుడ్డింగు, ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి బుక్కరాయసముద్రం, పసుపు మూటై, మా పొయ్యి మీద గంటలు ఉడికి, రాత్రికి మా వసారా కొక్కేనికి ఎక్కింది. వెళ్తూ వెళ్తూ అవ్వ గేటు దగ్గర ఆగి, "విప్పే పొద్దు పిలువు దొరా. చెయ్యి పెట్టినోళ్ళంతా ఉండాల," అంది. ఆ రోజు మేము చర్చికి ఆలస్యంగా పోయాం. మా ఆయన వేళ్ళకున్న పసుపు చూసి పాస్టరు గారు ఏదో అడగబోయి, ఎందుకొచ్చిన గొడవ అని ఊరుకున్నారు.

ఆ నెల రోజులూ మా ఇల్లు ఇల్లులా లేదు. మామూలుగా మా పొద్దులు ఎట్లా గడుస్తాయంటే, ఆయన తెల్లవారగానే మఫ్లరు చుట్టుకుని చెరువు కట్ట మీదికి పోతాడు. ఎక్కడెక్కడి పక్షులో దిగే కాలం అది. ఏళ్ళకేళ్ళు పగుళ్ళిచ్చిన చెరువులో కాలువ నీళ్ళు నిండి ఉంటే, కట్ట మీద నిలబడి చూస్తుంటే నాకు కూడా గుండె కొట్టుకోవడం మరిచిపోతుంది. తిరిగి వస్తూ బొరుగుల ఉగ్గానీ, మిరపకాయ బజ్జీ పొట్లం కట్టించుకుని తెస్తాడు. తిని, పేపరు చూసి, బజ్జీలో కారం ఎక్కువైందని నాతో పోట్లాడి, మధ్యాహ్నం పడుకుంటాం. డిసెంబరు వచ్చిందంటే క్రిస్మస్ చుక్క వెలిగించాలి, పరదాలు ఉతకాలి, చర్చి పిల్లలు పాటలు పాడుతూ వచ్చే సాయంత్రాలకు టీ కాచి పెట్టాలి. ఇద్దరు ముసలివాళ్ళ పండగ పనులు ఇంతకంటే ఏముంటాయి?

ఆ ఏడు మాత్రం ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. పాలామె పాలు పోసి, వసారాలోకి తొంగి చూసి, మూటకు దండం పెట్టుకుని పోయేది. బీబమ్మ మిషను పని మధ్యలో లేచి వచ్చేది. మా ఆయనకు బూజు భయం. వాళ్ళ ఊరి తేమలో మూటలు బూజు పట్టేవట. "అనంతపురం గాలికి బూజు యాడిది దొరా, మనుషులే ఎండిపోతారు," అని పాలామె నవ్వింది. నిజంగానే మా కరువు గాలికి ఆ మూట రోజురోజుకీ గట్టిపడి, ఖర్జూరాల వాసన వసారా అంతా పట్టింది. సాయంత్రం దీపం పెట్టాక దాని కింద నుంచి పోవాలంటే నాకు తెలియకుండానే తల వంగేది. నవ్వుకునేదాన్ని, మళ్ళీ వంగేది. ఇంతమంది ఆశ ఒక్క గుడ్డలో ఉందన్న భయం, భక్తి, ఏదో ఒకటి.

పండగకు వారం ఉందనగా నేను బేకరీకి ఫోను చేసి డబ్బాలకు చెప్పాను. ఆయన విన్నాడు.

"ఇంత పెద్ద పుడ్డింగు ఉండాది గదా. మళ్ళా డబ్బాలెందుకు?"

"ఎందుకో ఒకందుకు."

"చెప్పు మే."

చెప్పాను. ఇన్నేళ్ళ కాపురంలో నోరు తెరవని సంగతి ఆ రోజు చెప్పాను. వాడ, బావి, గులాబీ పువ్వులు, కుడితి తొట్టి. గరిటె తిప్పడానికి వాళ్ళకేమీ అడ్డం లేదు, మొక్కు ఎవరింట్లోనైనా మొక్కే. మన పొయ్యి మీద ఉడికింది తినడం వేరు. విప్పే రోజు వస్తారు, దండం పెడతారు, పోతారు. నువ్వు పళ్ళెం పట్టుకుని నిలబడతావు. అది నేను చూడలేను, అందుకే డబ్బాలు. ఏకబిగిన చెప్పేశాను.

ఆయన మొహం తెల్లగా పాలిపోయింది. "నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

"సిగ్గు."

"నీకెందుకు సిగ్గు? తప్పు వాళ్ళది గదా?"

"తప్పు వాళ్ళదే. సిగ్గు మాత్రం మాకే ఇచ్చినారు," అన్నాను.

ఆయన లేచి వసారాలోకి పోయి మూట వైపు చూస్తూ నిలబడ్డాడు. వెనక్కి తిరక్కుండానే, "డబ్బాలొద్దు. వస్తారు, తింటారు," అన్నాడు. తినకపోతే వెనక్కి తిరిగి చూడకుండా పోతాను అన్నాను నేను. తింటే ఉండిపోతావా అని ఆయన అడగలేదు. అడిగినట్టే ఇద్దరికీ తెలుసు. బేకరీకి మళ్ళీ ఫోను చేసి వద్దన్నాను.

క్రిస్మస్ రోజు చీకటితో లేచి, తలకు గుడ్డ చుట్టుకుని, ఆరాధనకు పోయి వచ్చాం. ఎండ ముదిరే వేళకు వీధి ఆడవాళ్ళు వచ్చారు. మళ్ళీ తల స్నానాలు, మళ్ళీ పూలు. ముడి అవ్వే విప్పింది. గుడ్డ తీసేసరికి లోపల నల్లగా, నున్నగా, మెరుస్తూ ఉంది. పసుపు అంటి అంచులు బంగారు రంగు తిరిగాయి. అందరూ ఒక్కసారి "అబ్బా!" అన్నారు.

నేను వద్దంటూనే ఉన్నాను, ఈయన చిన్న గిన్నెలో బ్రాందీ వెచ్చచేసి తెచ్చి, దాని మీద పోసి అగ్గిపుల్ల గీశాడు. వాళ్ళ ఊళ్ళో అట్లాగే చేస్తారు. నీలం మంట లేచి పుడ్డింగు చుట్టూ తిరిగింది. అంతే, ఆడవాళ్ళంతా రెండు చేతులూ చాచి, ఆ మంట మీదుగా తెచ్చి, కళ్ళకద్దుకున్నారు. హారతి! బీబమ్మ కూడా అద్దుకుంది. పాలామె ముక్కు ఎగబీల్చి, "ఈ వాసన యాడో ఎరిగినట్టుండాదే," అంది. నవ్వులు పడ్డాయి. మా ఆయన మాత్రం నవ్వలేదు. అగ్గిపెట్టె పట్టుకుని, చిన్నపిల్లాడిలా, ఆ చేతుల్నే చూస్తున్నాడు. ఆ క్షణంలో నాకూ దేవుడు మా వసారాలో ఉన్నట్టే అనిపించింది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

తర్వాత నేను కత్తి పట్టుకుని ముక్కలు కోశాను.

పాలామె నిలబడ్డచోటే నోట్లో వేసుకుంది. పంటికి బిళ్ళ తగిలి కెవ్వుమంది, బిళ్ళ తుడిచి కొంగున ముడేసుకుంది. బీబమ్మ తింది. ఆటోవాళ్ళ ఆడవాళ్ళలో ఇద్దరు తిన్నారు. ఒకామె "పిల్లోళ్ళకు తీసుకపోతా" అని కొంగులో పెట్టుకుంది. ఆ ముక్క ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. ఎదురింటి కోడలు పంటినొప్పి అని వెనక్కి జరిగింది. నేను మొహంలో ఏమీ కనపడనీయకుండా తల ఊపాను. దాంట్లో నాకు అనుభవం ఉంది.

అవ్వ దోసిలి పట్టింది.

ముక్క తీసుకున్నాను. ఆమె దోసిలి మీదికి వంగి, జానెడు ఎత్తు నుంచి వదిలాను. అది చేతుల అంచుకు తగిలి విరిగి, సగం నేల మీద పడింది.

అవ్వ తలెత్తి నన్ను చూసింది. "అట్ల పైనుంచి యేస్తావేమే?" అంది. "చేతిలో పెట్టు."

నాకు అప్పుడు గానీ నేను చేసింది నాకే తెలియలేదు. ఎంతమంది తెల్లవాళ్ళకు ఒళ్ళు తుడిచాను, ఎంతమంది చావుకు ముందు నా చెయ్యి పట్టుకున్నారు! ఇందాక పాలామెకూ బీబమ్మకూ వేళ్ళు తగిలేట్టే ఇచ్చాను. ఈమె దోసిలి చూడగానే నా చెయ్యి మా ఊరికి పోయింది, మా అమ్మ వెనక నిలబడింది. ఊళ్ళోవాళ్ళు మాకు నీళ్ళు పైనుంచి పోసేవాళ్ళు. మేము వాళ్ళకు ఏదైనా ఇవ్వాల్సి వస్తే పైనుంచి వదిలేవాళ్ళం. తగలకూడదు.

ఇంకో ముక్క తీసుకున్నాను. చెయ్యి చాపాను. అది జానెడు ఎత్తులో ఆగిపోయింది. దింపుదామని చూస్తున్నాను, దిగడం లేదు.

"మీ యమ్మ గూడా ఇట్లే యేస్తాండె," అంది అవ్వ, నెమ్మదిగా. "నేను గూడా దూరం నిలబడుకుంటాంటి." దోసిలి విడదీసి, కుడిచెయ్యి పైకెత్తింది. ఎండిన, గరుకైన వేళ్ళు నా వేళ్ళకు తగిలాయి. నా వేళ్ళ మధ్య నుంచి ముక్క తీసుకుని, కోడలు చూస్తుండగా, నోట్లో పెట్టుకుంది.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. మా అమ్మ బతికుండగా ఎత్తి ఉంటే ఏం పోయేది నీ చెయ్యి అని అరవాలనిపించింది. ఆ కోపంతో పాటే, అంత వయసులో, అందరి ముందూ ఆ చెయ్యి పైకి లేవడం చూసి దాన్ని పట్టుకోవాలనీ అనిపించింది. రెండూ ఒక్కసారే. అవ్వ ఉన్న నాలుగు పళ్ళతో నిదానంగా నమిలి మింగి, "తీపి ఎక్కువైంది. మళ్ళా ఏటికి తగ్గించు," అని కోడలి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

అందరూ వెళ్ళాక ఆయన గుండిగ కడిగి బోర్లించి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. గెలిచానన్న సంబరం మొహాన దాచుకోలేకపోతున్నాడు, పాపం.

"తినింది గదా మే," అన్నాడు. "ఉండిపోదామా?"

"ఆమె తిన్నందుకు కాదు," అన్నాను. "ఆమె చెయ్యి ఎత్తింది. నాది దిగలేదు. ఇట్ల దిగని చెయ్యి ఎత్తుకుని నేను ఏ దేశమూ రాను. అది దిగేదాకా ఈడే ఉందాం."